శనివారం కూలి

గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో యూదుల ప్రార్థనా మందిరం ఒకటుంది. షమూయేలు యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు 1991లో దాన్ని మొదలుపెట్టారు. అక్కడికి వచ్చేవి మాదిగ కుటుంబాలు. ఒకప్పుడు బాప్టిస్టు సంఘంలో ఉన్నవే. ఇప్పుడు వాళ్లు తమను బెనే ఎఫ్రాయిం, అంటే ఎఫ్రాయిం గోత్రం వాళ్లం, అంటారు. ఇశ్రాయేలు పన్నెండు గోత్రాల పేర్లు తెలుగు బైబిలు చదివే ఇళ్లకు కొత్తేం కాదు.

యూదుల విశ్రాంతి దినం కోసం శుక్రవారం పొద్దుగూకే వేళకు దీపం వెలిగించాలి, మర్నాడు చీకటి పడేదాకా పని ముట్టకూడదు. నెలజీతగాడికి ఇదేమంత కష్టం కాదు. సెంటు భూమి లేని కూలీకి మాత్రం ఆ రోజు కూలి పోయినట్టే. మిరపకోతల్లో మేస్త్రి పిలిచినప్పుడు రానంటే మళ్లీ పిలుస్తాడన్న నమ్మకం లేదు. అందుకే విశ్రాంతి దినాన్ని అందరూ పాటించలేకపోతున్నారు. భక్తి చాలక కాదు.

“మీరు నిజంగా యూదులేనా?” బయటివాళ్లు ముందు అడిగేది ఇదే. చనిపోయినవాళ్లను పూడ్చడం, పెద్దమాంసం తినడం పాత ఇశ్రాయేలు ఆచారాలేనని అక్కడి పెద్దలు చెబుతారు. చరిత్రకారుడికి ఆ రుజువు చాలదు, నిజమే. కానీ ఏ తిండిని చూపి ఊరు వాళ్లను వెలివేసిందో, ఆ తిండినే వంశానికి సాక్ష్యంగా నిలబెట్టడం మామూలు తెగువ కాదు. మణిపూర్, మిజోరంలలోని బెనే మెనషేలను 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ ఒకరు ఇశ్రాయేలు వంశస్థులుగా గుర్తించారు. బెనే ఎఫ్రాయింకు ఆ గుర్తింపు దక్కలేదు. ఇక్కడి ప్రభుత్వ కాగితాల్లోనూ చిక్కే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. యూదుల ఊసు లేదు.

ఇక్కడ చట్టంలో యూదుల ఊసు లేకపోతే, నార్వేలో గొడవ ఇంకో తీరు. అక్కడి 1814 రాజ్యాంగం యూదులను దేశంలో అడుగే పెట్టనివ్వలేదు. ఆ నిషేధం పోవాలని ఊపిరి ఉన్నంతకాలం రాసినవాడు హెన్రిక్ వెర్గెలాండ్ అనే కవి. 1845లో ఆయన పోయాడు, 1851లో నిషేధం పోయింది. ఇప్పటికీ జాతీయ దినమైన మే 17న ఓస్లో యూదులు ఆయన సమాధి దగ్గర పుష్పగుచ్ఛం ఉంచుతారు.

మళ్లీ కొత్తరెడ్డిపాలెం దగ్గరికి వస్తే, ఆ ఊరి మీద యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ కలిసి రాసిన పరిశోధన గ్రంథం 2013లో ఇంగ్లీషులో వచ్చింది. మంచి పని. అయితే ఆ వాడ మనుషులు తమ కథను తమ గుంటూరు మాటల్లో చెప్పుకోవాలి. రాసి పంపితే ఈ పత్రిక అచ్చువేస్తుంది.