మగ్రిబ్ తర్వాత వేసే గోలీ

మతి తప్పిన బుజుర్గులున్న ఇళ్లలో ఈ మధ్య ఒకటే సవాల్. "భాయ్, అమ్మీకి రిస్పెరిడోన్ రాశారు. ఖాలాకేమో క్వెటియాపిన్ ఇస్తున్నారు. ఏది బెహతర్?"

నేను డాక్టర్ని కాను. చదివినంతలో నాకు దొరికిన జవాబు: బెహతర్ అని గుండె మీద చెయ్యేసి చెప్పదగ్గది ఏదీ లేదు. అమెరికాలో 421 మంది అల్జీమర్స్ మరీజులకు కొందరికి ఒలాంజపిన్, కొందరికి క్వెటియాపిన్, కొందరికి రిస్పెరిడోన్, కొందరికి ఉత్తుత్తి గోలీ ఇచ్చి చూశారు. 2006లో నతీజా వచ్చింది. ఒలాంజపిన్, రిస్పెరిడోన్ వల్ల కొంత ఫాయిదా కనిపించింది. కానీ మగత, అయోమయం, ఒళ్లు బిగుసుకుపోవడం లాంటి బాధలతో ఆ ఫాయిదా కొట్టుకుపోయింది. 2023లో అక్కడ మంజూరైన బ్రెక్స్‌పిప్రజోల్ మీదా పాతవాటి మీదున్న హెచ్చరికే ఉంది.

ఆ హెచ్చరిక చిన్నది కాదు. మతిమరుపు జబ్బున్న వృద్ధుల మీద జరిగిన 17 పరీక్షల్ని కలిపి చూస్తే, పది వారాల పరీక్షలో మౌత్‌లు ఉత్తుత్తి గోలీ వేసుకున్నవాళ్లలో 2.6 శాతం, మందు వాడినవాళ్లలో 4.5 శాతం దాకా తేలాయి. గుండె ఆగడం, న్యుమోనియా ఎక్కువ. అందుకే 2005లో కొత్త మందుల మీద, 2008లో హలోపెరిడాల్ లాంటి పాతవాటి మీద ఆ హెచ్చరిక వేశారు. ఈ లెక్క మన ఇళ్లలో ఎవరికైనా ఎవరైనా చెప్పారా?

ఇంకో మాట. కొందరికి గదిలో లేని పిల్లలు, మనుషులు స్పష్టంగా కనిపిస్తారు. మనవాళ్లు జిన్ అనుకుని ఆమిల్ దగ్గరికి తీసుకెళ్తారు, తావీజ్ కడతారు. అది లూయీ బాడీ డిమెన్షియా కావచ్చు. తావీజ్‌తో పోయేది డబ్బే. వీళ్లకు హలోపెరిడాల్ పడిందంటే మాత్రం మనిషి కట్టెలా బిగుసుకుపోవచ్చు, జాన్ మీదికే రావచ్చు. ఇలాంటివి కనిపిస్తున్నాయని షరమ్ పడకుండా డాక్టరుకు ముందే చెప్పాలి.

మా ఫుప్పు మగ్రిబ్ అయ్యేసరికి బుర్ఖా వేసుకుని "ఇంటికి పోతా" అని తలుపు బాదేది. ఆపితే కొట్టేది. నిద్రగోలీ అడుగుదామని అందరం అనుకుంటుంటే, ఆమెకు నాలుగు రోజులుగా విరేచనం కాలేదని కోడలు కనిపెట్టింది. ఆ కష్టం తీరాక కొట్టడం చాలావరకు తగ్గింది. నొప్పి, మూత్రంలో ఇన్ఫెక్షన్, దాహం, చెవులు వినపడకపోవడం ఇవన్నీ నోటితో చెప్పుకోలేని మనిషిలో గుస్సాగానే బయటికొస్తాయి. రంజాన్‌లో రోజా ఉంటానని మొండికేసే బుజుర్గుల విషయంలో నీళ్ల సంగతి మరీ చూడాలి.

అలాగని మందే హరామ్ అన్నట్టు మాట్లాడేవాళ్లతో నాకు ఇత్తెఫాక్ లేదు. రాత్రంతా మేలుకుని దెబ్బలు తింటూ ఖిద్మత్ చేసేది కోడలు. పగలు వచ్చి చాయ్ తాగి "సబర్ చెయ్యి బేటీ" అనేది మరిది. మనిషి తననో పక్కవాళ్లనో గాయపరిచేంత హాలత్ ఉంటే మందు కావలసిందే. బ్రిటన్‌లో రిస్పెరిడోన్‌ను అలాంటి అల్జీమర్స్ మరీజులకు ఆరు వారాల వరకే అనుమతించారు. మన దగ్గర అదే పాత చీటీ పట్టుకెళ్లి మెడికల్ షాపులో ఏళ్ల తరబడి కొంటున్నారు.

చీటీ రాసిన రోజే డాక్టర్‌సాబ్‌ను అడగండి: ఇది దేనికోసం, ఎంత తక్కువ మోతాదుతో మొదలుపెడుతున్నారు, ఆపే తారీఖు ఏది? ఇప్పటికే వాడుతుంటే ఇది చదివి రేపే బంద్ చేయకండి. మోతాదు ఎలా తగ్గించాలో ఆయన్నే అడగండి. వెళ్లేటప్పుడు మరిదిని కాదు, కోడల్ని తీసుకెళ్లండి.