కొండెక్కిన బెల్లం

పిల్లలూ! ఈ నెల సైకిళ్ల సంగతి మాట్లాడుకుందాం. మా అనకాపల్లిలో తొమ్మిది, పది తరగతుల పిల్లలు కొందరు జట్టుగా కూడి, దసరా సెలవులలో సైకిళ్ల మీద పాడేరు కొండ ఎక్కి రావాలని ముచ్చటపడుతున్నారు. వాళ్ల తల్లిదండ్రులేమో, "అంత ఎత్తు వీళ్లు ఎక్కగలరా?" అని దిగులుపడుతున్నారు. ఎక్కగలరు. ఆ దిగులేదో దిగిరావటం గురించి పడితే బాగుంటుంది. ఎందుచేతనంటారా? లెక్క వేసి చూద్దాం.

అనకాపల్లి సముద్రమట్టానికి 30 మీటర్ల ఎత్తయినా లేదు. చోడవరం మీదుగా మాడుగుల వెళ్లేవరకు రోడ్డు పెద్దగా ఎక్కదు. ఆ పైన ఘాట్ రోడ్డు మొదలై మెలికలు తిరుగుతూ పోతుంది. పాడేరు చేరేసరికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంటాం. పిల్లవాడు 50 కిలోలు, సైకిలు 15 కిలోలు అనుకోండి. వెరసి 65 కిలోల బరువును 900 మీటర్లు పైకి లేపాలన్నమాట. పదో తరగతి వాళ్లు గుణించి చూసుకోండి: అది సుమారు 5,73,000 జౌళ్ల పని.

ఇంత శక్తి ఎక్కడ నుంచి వస్తుంది? అనకాపల్లివాణ్ణి గనుక నేను బెల్లంతోనే లెక్క చెబుతాను. 100 గ్రాముల బెల్లం తింటే ఇంచుమించు 380 కాలరీలు. మన కండరాలు తిన్నదానిలో నాలుగోవంతు మాత్రమే పనిగా మార్చగలవు. ఆ ప్రకారం, కొండ ఎత్తుకు 150 గ్రాముల బెల్లం చాలు! రోడ్డు రాపిడినీ, ఎదురుగాలినీ గెలవటానికి ఇంకొంత తినాలి. దానికేం, దారిలో మాడుగుల హల్వా ఉండనే ఉంది.

తక్కిన మూడువంతుల బెల్లం ఏమయింది? ఒంట్లో వేడి అయింది. ఆ వేడిని పోగొట్టటానికే చెమట పడుతుంది. అయితే చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది గాని, కారిపోతే ఫలం లేదు. మన తీరప్రాంతపు ఉక్కలో చెమట ఆరదు, కారుతుంది. అందుకని మైదానపు దారి తెల్లవారుజామునే దాటెయ్యాలి. నీళ్లలో చిటికెడు ఉప్పు, చిన్న బెల్లం ముక్క వేసుకుని, దాహం వెయ్యకముందే కొంచెం కొంచెంగా తాగుతూ ఉండాలి. పైకి పోయేకొద్దీ హాయి. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది.

ఇక గేర్లు. మామూలు సైకిలుకు సాధారణంగా ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనకదానికి 18. పెడలు ఒక్కచుట్టు తిప్పితే సైకిలు అయిదు మీటర్లు దాటి పోతుంది. 15 మీటర్ల దారికి ఒక మీటరు లేచే వాలు మీద, ఒక్కచుట్టుకు ఆ 65 కిలోలను 36 సెంటీమీటర్లు లేపాలి. కొండసైకిలు మీద ముందు 32, వెనక 32 పళ్ల గేరు వేస్తే 15 సెంటీమీటర్లే. చుట్లు ఎక్కువ తిప్పాలి, నిజమే. చేసే పని మొత్తం మారదు. కాని కాళ్లకు ఎంత సుఖమో చూడండి! (ఫ్రాన్సు దేశపు పెద్ద సైకిలు పందెంలో 1937 దాకా గేరు మార్చే పరికరాన్ని రానివ్వలేదు. పాపం, ఆ రోజుల్లో పందెగాళ్లు కొండ మొదట్లో దిగి, వెనకచక్రం ఊడదీసి, తిప్పి బిగించుకునేవారు.) గేర్లు లేనివాళ్లు నిటారు మలుపుల్లో దిగి నడిపించుకుపోవచ్చు. అందులో చిన్నతనం ఏమీ లేదు.

పాడేరు చేరాం. బెల్లంలో నాలుగోవంతు ఏమయిందని ఎవరూ అడగలేదేం? అది ఎక్కడికీ పోలేదు. ఎత్తు రూపంలో మన దగ్గరే ఉంది. దిగేటప్పుడు అదంతా బయటకి వస్తుంది. బ్రేకు వేస్తే ఆ శక్తి రాపిడి వల్ల వేడిగా మారుతుంది. ఎంత వేడి? 30 డిగ్రీల నీళ్లను రెండు లీటర్లు మరిగించేటంత! కొంత గాలి పంచుకుంటుంది గాని, నెమ్మదిగా దిగేవాడి విషయంలో గాలి వాటా తక్కువ, బ్రేకుల వాటా ఎక్కువ.

1976లో అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రపు ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర, కొందరు యువకులు పాత లావు టైర్ల సైకిళ్ల మీద ఒక కొండదారిలో పందెం పెట్టుకున్నారు. రెండు మైళ్లకు కాస్త ఎక్కువ దారిలో 1,300 అడుగులు దిగాలి. వాళ్ల బ్రేకు వెనకచక్రపు ఇరుసులో ఉండేది. పెడలు వెనక్కి తొక్కితే పడేది. కిందికి వచ్చేసరికి ఇరుసులోని గ్రీజు కాలి పొగయిపోయేది. మళ్లీ గ్రీజు కూరితేగాని సైకిలు పనికిరాదు. అందుకే ఆ పందానికి "రీప్యాక్" అని పేరు వచ్చింది. ఇప్పటి కొండసైకిళ్లు ఆ కుర్రవాళ్ల ప్రయత్నాల నుంచి వచ్చినవే.

మన సైకిలు బ్రేకురబ్బర్లు రిమ్మును పట్టుకుంటాయి. అదేపనిగా నొక్కి ఉంచితే రిమ్ము కాలుతుంది, లోపలి ట్యూబుకు వేసిన అతుకు ఊడవచ్చు. అంచేత కాసేపు నొక్కి, కాసేపు వదిలి, రెండు బ్రేకులూ కలిపి వాడాలి. ముందుది ఒక్కటే గట్టిగా నొక్కితే హ్యాండిల్ మీదుగా ఎగిరిపడతారు. మలుపులో కాదు, మలుపుకు ముందే వేగం తగ్గించాలి. అప్పుడప్పుడు పక్కకు ఆగి చక్రాలను చల్లారనివ్వాలి. డిస్కుబ్రేకు ఉన్నవాళ్లు ఆ రేకును ముట్టుకోకండి, చెయ్యి కాలుతుంది.

పెద్దలకు ఒక మాట. వద్దనకండి. జట్టుతో ఇద్దరు పెద్దవాళ్లు వెళ్లండి. ఎక్కేటప్పుడు ఎవరి సత్తువకొద్దీ వాళ్లు ఎక్కి, ముందే అనుకున్న చోట అందరికోసం ఆగవచ్చు. దిగేటప్పుడు మాత్రం ఒక పెద్ద ముందు, ఒక పెద్ద వెనక, పిల్లలు ఒకరి వెనక ఒకరు ఎడంగా. ముందువాణ్ణి దాటటం లేదు. వెనక పెద్ద దగ్గర పంపు, పంచరు సామాను, మందులు ఉండాలి. ఎదురుగా బస్సులూ లారీలూ వస్తాయి గనుక మన ఎడమ అంచు వదలకూడదు. వాన పడితే ఆగిపోవటమే. తడిసిన రిమ్మును రబ్బరు పట్టదు.

బయలుదేరేలోగా బడి మైదానంలో ఒక పరీక్ష చెయ్యండి. సుద్దతో గీత గీసి, గీత దగ్గర బ్రేకు వేసి, ఎక్కడ ఆగారో కొలవండి. వేగం రెట్టింపయితే ఆగే దూరం నాలుగింతలవుతుంది: 8 మీటర్లలో ఆగేవాడికి 32 కావాలి. వాలులో ఇంకా ఎక్కువ. తరువాత రిమ్ములను నీళ్లతో తడిపి, తక్కువ వేగంతోనే మళ్లీ కొలిచి చూడండి.