వెనక సీటు

నలభై దాటిన మగవాడికి కొత్త కారు కొనాలనే బుద్ధి పుట్టడం వింత కాదు. ఏ కారు కొనాలో తేల్చుకోలేక నిద్ర పాడుచేసుకోవడమూ వింత కాదు. కాని ఆ రగడలోకి ఇంటిల్లిపాదినీ ఈడ్చి, రెండు నెలలపాటు భోజనాల వేళ కూరలతోబాటు గేర్లూ బ్రేకులూ వడ్డించుకోవడం మాత్రం కొంచెం వింతే. మా ఇంట్లో జరిగింది అదే. ఆడపిల్లకు సంబంధాలు చూసేటప్పుడు కూడా ఇన్ని వాకబులు చేయరేమో!

ముందుగా ఒక సంగతి మనవి చేసుకోవాలి. మేముండేది ఫిలింనగర్‌లో. ఆ మాట వినగానే కొత్తవాళ్ళు, ఎక్కడో తెరమీద చూసినట్టుందే అని నన్ను ఎగాదిగా చూస్తారు. తొందరపడవద్దు. జూబ్లీహిల్స్ గుట్టల్లో తారలు మాత్రమే కాదు, ఆ తారలను ఇంటినుంచి స్టూడియోకూ, స్టూడియోనుంచి ఇంటికీ చేర్చినవాళ్ళు కూడా కాపురం వుంటున్నారు. మా నాన్నగారు ఆ రెండో తెగ. తెనాలిలో పుట్టి, పద్ధెనిమిదో ఏట మద్రాసు చేరి, కోడంబాకంలో ఒక సినిమా కంపెనీలో డ్రైవరుగా కుదిరారు. 1976లో అన్నపూర్ణా స్టూడియో మొదలైన తరువాత పరిశ్రమ కొంచెం కొంచెంగా హైదరాబాదుకు తరలివస్తుంటే, కంపెనీ సామానుతోబాటు కంపెనీ అంబాసిడరూ, దాన్ని నడిపే మా నాన్నగారూ కూడా వచ్చారు. రాళ్ళూ తుప్పలూ తప్ప చెప్పుకోదగ్గదేమీ లేని చోట ఆయన వేసుకున్న రెండు గదులమీద నేను మరో అంతస్తు లేపుకున్నాను. సినిమాలతో మాకున్న చుట్టరికం ఇంతే.

నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకుంటాను. మా పాత చిన్నకారు పదకొండేళ్ళు మమ్మల్ని మోసి అలసిపోయింది. నాన్నగారికి డెబ్భై ఆరేళ్ళు. మోకాళ్ళు మొరాయించాయి, నడుము చెప్పాపెట్టకుండా పట్టేస్తుంది. నెలకొకసారి ఆస్పత్రి, ఏడాదికి రెండుసార్లు తెనాలి. చిన్నకారులోంచి ఆయన్ను దింపడమంటే ఇరుకు మేడమెట్లమీదుగా బీరువా దింపడమే. అందుకని వెనక డిక్కీ, నడుమ జాగా వున్న సెడాన్ కొనాలని తీర్మానం ఏకగ్రీవంగా జరిగిపోయింది. ఏ సెడాన్ అన్నదగ్గర సభ రెండుగా చీలింది.

మా ఆవిడ ఓటు హోండా సిటీకి. ఆ పేరు మన దేశానికి వచ్చింది 1998లో. ఆవిడ మనసుపడ్డది 2020లో వచ్చిన ఐదోతరం బండి. మా అమ్మాయి ఓటు 2022లో వచ్చిన ఫోక్స్‌వాగన్ వర్టస్‌కు, అందులోనూ పెద్ద ఇంజనున్న జీటీకి. ఇంటర్మీడియట్ చదువుతున్న ఆ పిల్లకు, 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల పందెం జరిగినప్పటినుంచీ ఈ పిచ్చి పట్టుకుంది. ఇక నా ఓటంటారా? పైకి తటస్థం. లోపల కూతురి పార్టీ.

ఎందుకు కాకూడదు? పాతికేళ్ళుగా విద్యార్థిగానూ, అధ్యాపకుడిగానూ నలోపాఖ్యానం చదువుతున్నవాణ్ణి. బాహుకుడి వేషంలో వున్న నలుడు రథం తోలుతుంటే ఋతుపర్ణుడి ఉత్తరీయం జారి పడుతుంది. ఆపవయ్యా అనేటప్పటికి, అది యోజనం దూరం వెనకబడిపోయిందంటాడు నలుడు. ఈ ఘట్టం చెప్పినప్పుడల్లా క్లాసులో పిల్లలకంటే నాకే ఎక్కువ ఉత్సాహం వచ్చేది. అశ్వహృదయం తెలిసిన సారథి కావాలని ఏ తెలుగు మేష్టారికి వుండదు?

ఇక్కడ కొంచెం లెక్కలు చెప్పాలి, విసుక్కోకండి. 1958 నుంచి 2014 దాకా కలకత్తా పక్కన ఉత్తరపారలో తయారైన అంబాసిడర్‌కు చాలాకాలం వున్నది 1489 సి.సి. ఇంజను, బలం సుమారు 50 గుర్రాలు. సిటీ ఇంజను 1498 సి.సి.; బలం 121. వర్టస్ జీటీ ఇంజనూ సరిగ్గా 1498 సి.సి.యే; బలం 150. అంటే పొయ్యి ఒకటే సైజు, వంటలో తేడా. వర్టస్‌లో టర్బో వుంటుంది. ఇంజను వదిలే పొగ ఊపుతోనే ఒక చిన్న చక్రం తిరిగి, బయటి గాలిని ఇంజనులోకి బలవంతాన తోస్తుంది. అందువల్ల చక్రాలను తిప్పే బలం, టార్కు అంటారే, అది నిమిషానికి 1600 చుట్లకే 250 న్యూటన్ మీటర్లు అందుతుంది. సిటీ పూర్తి బలం 145. అది రావాలంటే ఇంజను 4300 చుట్లు తిరగాలి. బల్లపరుపు రోడ్డుమీద ఈ తేడా అంతగా తెలియదు. గుట్ట ఎక్కేటప్పుడు తెలుస్తుంది. మేమో, గుట్టమీదే వుంటిమి.

మరి సుఖం సంగతి? మా కాలేజీలో ఫిజిక్సు మేష్టారు టీ గ్లాసు పట్టుకుని విడమరచి చెప్పాడు. స్ప్రింగు మెత్తగా వుంటే గోతిని మింగేస్తుంది గాని, మలుపులో బండి ఒక పక్కకు ఒరుగుతుంది. గట్టిగా వుంటే మలుపులో నిటారుగా నిలుస్తుంది గాని, గోతి వార్త నడుముదాకా వస్తుంది. రెండూ పూర్తిగా ఒకే బండిలో కావాలంటే లక్షలు చాలవు, కోట్లు కావాలి. “ఏది కావాలో మీరు తేల్చుకోండి. ప్రకృతి బేరాలాడదు” అని టీ పూర్తిచేశాడు.

ఒక ఆదివారం పొద్దున రెండు బండ్లూ నడిపి చూడడానికి వెళ్ళాం. షోరూము కుర్రవాడు నా పక్కన కూర్చోవడం రివాజు కాబట్టి, ఎప్పుడూ ముందు సీటే కావాలనే నాన్నగారు వెనక్కి వెళ్ళక తప్పలేదు.

మొదట సిటీ. చెక్‌పోస్టు దాటి 45వ నంబరు రోడ్డు ఫ్లైఓవరు మీదుగా, 2020లో తెరిచిన దుర్గం చెరువు తీగల వంతెనదాకా వెళ్ళివచ్చాం. ఉయ్యాలలో పసిపాపలా వున్నాం. తిరిగి ఫిలింనగర్ గుట్ట ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కితే, ముందు ఇంజను గొంతు లేచింది. బండి తాపీగా తరువాత లేచింది. అందులో గేర్లకు బదులు రెండు కప్పీలూ, వాటిమధ్య ఒక పట్టీ వుంటాయట. గేరు మారిన కుదుపు లేకుండా పోయేది ఆ ఏర్పాటువల్లనే. ఈ తాత్సారం కూడా దానివల్లనే.

తరువాత వర్టస్. అదే దారి, అదే గుట్ట. అందులో వున్నవి ఏడు గేర్లూ, రెండు క్లచ్చులూ. ఒక గేరు పనిచేస్తుండగానే రెండోది సిద్ధంగా నిలబడి వుంటుంది. కాలు ఆనించీ ఆనించకముందే బండి ముందుకు దూకింది. మలుపులో స్టీరింగు నా చేతికి రోడ్డు కబురు చెబుతున్నట్టే వుంది. చెప్పడానికి సిగ్గుగా వుంది గాని, నలభై అయిదేళ్ళ వయసులో ఒంటరిగా నవ్వుకున్నాను. నలుడు గుర్తుకు వచ్చాడు.

అంతలో అద్దంలో నాన్నగారు కనిపించారు. తలుపుపైన వున్న పిడిని కుడిచేత్తో గట్టిగా పట్టుకున్నారు. ముఖంలో మాత్రం ఏ భావమూ లేదు. వేగం తగ్గించాను.

ఆ రాత్రి మా ఆవిడ ఒక నోటుపుస్తకం తీసింది. మా వారం రోజుల ప్రయాణాలన్నీ వరసగా రాసింది. కాలేజీ, బ్యాంకు, కూరలు, ఆస్పత్రి, పేరంటాలు. ఒక్కొక్కదాని పక్కన బండి ఎంత వేగంతో పోగలదో వేసింది.

“పొద్దున తొమ్మిదింటికి చెక్‌పోస్టు దగ్గర నూట యాభై గుర్రాలుంటే యేం, నూట ఇరవై అయితే యేం? అన్నీ నిలబడే వుంటాయిగా! మీ సరదా ప్రకారం నడపడానికి వీలైంది ఆదివారం తెల్లవారుజాము ఒక్కటే. ఆ అరగంటకోసం మిగిలిన వారమంతా మామయ్యగారి నడుమును తాకట్టుపెడతారా?”

“బండి వున్నది మనుషుల్ని మోయడానికేనా అమ్మా? నడిపేవాళ్ళకు సంతోషం వుండొద్దూ?” అంది అమ్మాయి.

ఈ ప్రశ్న చిన్నది కాదు. నడిపేవాడికి ఉత్సాహం లేకపోతే ధ్యాస తప్పుతుంది, కునుకు వస్తుంది. అదీ ప్రమాదమే. ఏ పక్షానికి తీర్పు చెప్పాలో తోచక నాన్నగారి వంక చూశాను. నలభై ఏళ్ళు బండి తోలిన మనిషి ఇంట్లో వుండగా, రెండు నెలలుగా ఆయన అభిప్రాయం ఎవరమూ అడగనేలేదు.

“రెండూ మంచి బండ్లే. అంబాసిడర్‌తో ఈ గుట్టలెక్కినవాడికి రెండూ పుష్పక విమానాలే,” అన్నారు. “పవర్ స్టీరింగు లేదు, ఏమీ లేదు. మలుపు తిప్పితే భుజాలు లాగేసేవి. అయినా ఒకటి చెబుతా విను. తోలేవాడికి రోడ్డు తెలియాలి. వెనక కూర్చున్నవాడికి తెలియకూడదు. అది బండి పని కాదురా, డ్రైవరు పని.”

“మీకు ఇవాళ తెలిసిందా నాన్నా, రోడ్డు?”

“రెండో బండిలో తెలిసింది. బండి తప్పు కాదు. అది నిన్ను ఊరించింది, నువ్వు ఊరిపోయావు.”

కొంచెంసేపు ఆగి, ఎన్నడూ చెప్పని సంగతి చెప్పారు. “రాత్రంతా షూటింగు చేసి, తెల్లవారుజామున నాలుగింటికి ఆర్టిస్టులు వెనక సీట్లో పడేవాళ్ళు. మళ్ళీ తొమ్మిదింటికి మేకప్పు. మధ్యలో దొరికే నిద్ర ఆ బండిలోదే. గుట్ట కింద మొదలైతే ఇల్లు చేరేదాకా వాళ్ళు కళ్ళు తెరవకపోతే నాకు ఆ రోజు జీతం ముట్టినట్టు. ఎవరూ ఆ మాట అని మెచ్చుకోలేదనుకో. నిద్రపోయేవాళ్ళకు ఎలా తెలుస్తుంది?”

ఆ రాత్రి నాకు కొంచెం ఆలస్యంగా నిద్రపట్టింది. నలభై ఏళ్ళు మా నాన్నగారు కారులోనే బతికారు. వెనక సీట్లో మాత్రం కూర్చోలేదు. నిద్రపోవడమన్న మాటే లేదు. నేను రెండు నెలలుగా నా చేతికి ఏది బాగుంటుందో చూసుకుంటున్నాను. బండిలో నలుడితోబాటు ఋతుపర్ణుడు కూడా వున్నాడనీ, జారిపోయిన ఉత్తరీయం ఆయనదేననీ అన్నేళ్ళు పాఠం చెప్పీ గమనించలేదు.

సిటీయే కొన్నాం. అమ్మాయి ఒక పూట అలిగింది. రంగు ఎంచుకునే హక్కు ఇస్తే రాజీపడింది. బండిని పెద్దమ్మగుడికి తీసుకుపోయి, అక్కడ బారులుతీరిన కొత్త బండ్లమధ్య పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించాం.

ఇంతమాత్రాన చురుకైన బండి కొనడం తప్పని అనుకోకండి. ఒంటరిగా తిరిగేవారూ, పొద్దస్తమానం హైవేమీద వుండేవారూ, ఇంట్లో నడుంనొప్పులు లేనివారూ దాన్ని కొనుక్కుని హాయిగా ఏలుకోవచ్చు. నా మనసు ఇప్పటికీ కొంత అటే వుంది. కారు కొనబోయేవారికి నా సలహా ఒక్కటే. షోరూముకు ఒక్కరే వెళ్ళకండి. రోజూ ఆ బండి ఎక్కవలసినవాళ్ళందరినీ తీసుకువెళ్ళండి. వాళ్ళు చూపే దారిన కాక, మీ ఇంటి దారిన నడపండి. ఒకసారి స్టీరింగు మరొకరికిచ్చి మీరు వెనక కూర్చోండి. లెక్కలు కాగితంమీద ఎలా వున్నా, అసలు తీర్పు అక్కడ వస్తుంది.

మొన్న కార్తీకమాసంలో తెనాలి వెళ్ళివచ్చాం. వెళ్ళేటప్పుడు నాన్నగారు వెనక కూర్చున్నారే గాని, ఎదురుగా లారీ కనిపించినప్పుడల్లా కుడికాలితో లేని బ్రేకు తొక్కుతూనే వున్నారు. తిరుగు ప్రయాణంలో సూర్యాపేట దాటాక వెనకనుంచి మాటలు ఆగిపోయాయి. అద్దంలో చూశాను. తల సీటుకు ఆనించి, నోరు కొంచెం తెరిచి, పసివాడిలా నిద్రపోతున్నారు.

ఆ తరువాత ఇల్లు చేరేదాకా నేను నడిపినట్టు నా జీవితంలో ఎన్నడూ నడపలేదు. ప్రతి అతుకూ ముందుగానే చూసుకున్నాను. బ్రేకును వేలితో మీటినట్టు తొక్కాను. పెద్దఅంబర్‌పేట దగ్గర ఔటర్ రింగురోడ్డు ఎక్కడం, నార్సింగి దగ్గర దిగడం, షేక్‌పేట గొడవ దాటడం, చివరికి మా గుట్ట ఎక్కడం. వర్టస్ స్టీరింగు పట్టుకున్న ఆ ఆదివారంకంటే ఎక్కువగా ఒళ్ళంతా కళ్ళు చేసుకున్నాను. ఇల్లు చేరి ఇంజను ఆపాక నాన్నగారు కళ్ళు తెరిచారు.

“ఎక్కడిదాకా వచ్చాంరా?”

“ఇంటికే వచ్చాం నాన్నా.”

ఆయన అటూ ఇటూ చూసి, కొంచెం సిగ్గుపడ్డారు. మెల్లగా దిగి, అలవాటు ప్రకారం నాలుగు టైర్లూ ఒకసారి చూసి, లోపలికి వెళుతూ గుమ్మం దగ్గర ఆగారు.

“అంతా బాగానే వుంది గాని అబ్బాయ్, గుట్ట మొదట్లో రెండో స్పీడ్‌బ్రేకరు దగ్గర కాస్త తొందరపడ్డావు.”