పీఆర్ ఖాతాలకు తాళం వేయండి! ఓట్ల లెక్క బయటపెట్టండి!

తెలుగు బిగ్ బాస్ చూసే అన్నలకూ, అక్కలకూ, తమ్ముళ్లకూ, చెల్లెళ్లకూ విజ్ఞప్తి.

2023 డిసెంబర్ 17 రాత్రి అన్నపూర్ణ స్టూడియో బయట ఏం జరిగిందో మీకు మళ్లీ చెప్పక్కర్లేదు. అందరం ఫోన్లలో చూశాం. ఏడో సీజన్ విజేతగా పల్లవి ప్రశాంత్ పేరు ప్రకటించిన రాత్రే రన్నరప్ అమర్‌దీప్ కారు మీద దాడి జరిగింది. కారులో ఆయన తల్లి, భార్య ఉన్నారు. బిగ్ బాస్ హౌస్‌లో ఎవరినీ నామినేట్ చేయని ఆ తల్లి ఎవరికి ఏం ద్రోహం చేసింది? ఆరు ఆర్టీసీ బస్సుల అద్దాలు పగిలాయి. అవి ఏ కంటెస్టెంట్ వైపు బస్సులు? కేసులు పడ్డాయి. కప్పు ఎత్తిన మనిషి మూడు రోజులకే అరెస్టయ్యాడు. ఓడినవాడికీ నిద్ర లేదు, గెలిచినవాడికీ పండగ లేదు.

వాదించుకోవడం తప్పని మేం అనడం లేదు. కంటెస్టెంట్ శివాజీ గారు ప్రశాంత్‌కు పెద్దన్నగా నిలబడ్డారా, వెనక కూర్చుని ఆట ఆడించారా? ‘రైతుబిడ్డ’ అన్నది ప్రశాంత్ బతుకా, సింపతీ గేమా? కంటెస్టెంట్లు శోభ, ప్రియాంక, అమర్‌దీప్ ముగ్గురిదీ స్నేహమా, గ్రూప్ గేమా? ఈ రెండు వర్గాలకు స్పై బ్యాచ్, స్పా బ్యాచ్ అని మనమే పేర్లు పెట్టుకుని రాత్రి ఒంటిగంట దాకా కొట్లాడుకున్నాం. నలుగురు ఒకచోట ఉంటే ఎవరు ఎవరి వైపు చేరతారు, ఒంటరిగా మిగిలినవాడు ఎలా తట్టుకుంటాడు అన్నది చూడదగ్గ విషయమే. మనిషిని అర్థం చేసుకోవడానికి అదీ ఒక దారే.

ఆ వాదనను డబ్బుతో కొన్నవాళ్ల మీదే మా కోపం.

కంటెస్టెంట్ హౌస్‌లోకి వెళ్లేముందు తన ఇన్‌స్టాగ్రామ్ ఖాతాను పీఆర్ టీమ్ చేతికి ఇస్తాడు. ఆ రోజు నుంచి అతని పేరుతో మాట్లాడేది అతను కాదు. హాట్‌స్టార్ లైవ్‌లోంచి అర నిమిషం ముక్క కోస్తారు. ముందుమాట ఉండదు, వెనకమాట ఉండదు. టాస్క్‌లో తీర్పు చెప్పే సంచాలక్ నిర్ణయం తప్పయితే ‘మోసగత్తె’ అని పోస్టర్ వస్తుంది. ఒక అమ్మాయి ఒక అబ్బాయి పక్కన కూర్చుంటే థంబ్‌నెయిల్ తయారవుతుంది. రివ్యూవర్ చేత మాట చెప్పిస్తారు, మీమ్ పేజీకి డబ్బు కడతారు. వంద ఖాతాలు ఒకే వాక్యాన్ని ఒకే గంటలో పెడితే దాన్ని మనం ప్రజాభిప్రాయం అనుకుంటున్నాం. లోపల ఉన్న మనిషికి ఫోన్ లేదు, పేపర్ లేదు. తన పేరుతో ఎవరిని ఎంత మాట అంటున్నారో కూడా తెలియదు. బయటికొచ్చాక ఆ పాపమంతా మోసేది మాత్రం అతనే. ఆడపిల్లల తల్లుల ఫొటోల కింద ఏం రాశారో ఇక్కడ అచ్చువేయలేం. ఆ రాతలు రాసినవాళ్లను మేం అభిమానులని పిలవం. డబ్బు తీసుకుని రాయించినవాళ్లను నేరస్థులనే అంటాం.

ఈ తిట్లపర్వం నిన్న మొదలైంది కాదు. 2018లో రెండో సీజన్‌లో కంటెస్టెంట్ కౌశల్ అభిమానులతో ‘కౌశల్ ఆర్మీ’ పుట్టింది. వ్యాఖ్యాతగా ఉన్న నాని అడిగిన ప్రశ్న నచ్చకపోతే ఆయన్నే తిట్టిపోశారు. ఆ రోజే ఛానెల్ గీత గీసి ఉంటే బస్సుల అద్దాలు పగిలేదాకా వచ్చేది కాదు. గీయలేదు. గొడవ పెరిగితే రేటింగ్ పెరుగుతుందని ఊరుకుంది.

బయటి దేశాల్లో ఏం జరిగిందో చూడండి. జపాన్‌లో ‘టెర్రస్ హౌస్’ షోలో కనిపించిన రెజ్లర్ హనా కిమురా, తిట్లు భరించలేక 2020 మేలో ప్రాణం తీసుకుంది. ఆమెకు 22 ఏళ్లు. రెండేళ్లకు అక్కడ అవమానపరిచే రాతలకు ఏడాది దాకా జైలు పడేలా చట్టం మార్చారు. బ్రిటన్‌లో ‘లవ్ ఐలాండ్’ షో వాళ్లు 2023 జనవరిలోనే, కంటెస్టెంట్ లోపల ఉన్నన్నాళ్లూ అతని ఖాతాలో ఎవరూ ఏమీ పెట్టకూడదని నియమం పెట్టారు. వాళ్లకు సాధ్యమైంది మనకెందుకు కాదు?

ఇక ఓట్లు. మిస్డ్ కాల్ ఇచ్చింది మనం, యాప్‌లో నొక్కింది మనం. ఎవరికి ఎన్ని పడ్డాయో వారం వారం మనకు చెప్పరు. లెక్క దాచినచోట అనుమానం పుడుతుంది, అనుమానం ఉన్నచోట రాయి లేస్తుంది. ఫోన్ ఓటింగ్, పోటీల్లో ప్రేక్షకుల్ని మోసం చేసినందుకు 2008లో బ్రిటన్ నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్, ఐటీవీకి 56.75 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. ఓటు టీవీ షోకే అయినా ఓటే.

‘వినోదమే కదా, ఎందుకింత’ అనేవాళ్లు పగిలిన అద్దాల ఖర్చు కట్టి మాట్లాడాలి. ‘షో మొత్తం ఆపేయండి’ అనేవాళ్లతోనూ మాకు పనిలేదు. ఆపితే ఇదే గుంపు ఇంకో షో మీద పడుతుంది.

మా డిమాండ్లు ఇవి:

1. హౌస్‌లో ఉన్నన్నాళ్లూ కంటెస్టెంట్ల ఖాతాలు మూసి ఉంచాలి. ఇది ఒప్పందంలోనే రాయాలి. తప్పితే ఆ వారమే బయటికి పంపాలి.

2. ప్రతి ఎలిమినేషన్ తర్వాత ఓట్ల సంఖ్యను, బయటి ఆడిటర్ సంతకంతో ప్రకటించాలి.

3. ఆడవాళ్లను, కుటుంబాలను తిట్టే ఖాతాల మీద నిర్వాహకులే పోలీసు ఫిర్యాదు చేయాలి.

4. ఫినాలే రాత్రి అందర్నీ వేర్వేరు సమయాల్లో, పోలీసు రక్షణతో ఇంటికి చేర్చాలి. ఊరేగింపులు వద్దు.

మిత్రులారా, మన చేతిలోనూ పని ఉంది. కోసిన ముక్క చూసి షేర్ చేయకండి, ఎపిసోడ్ చూశాక మాట్లాడండి. ఆటను విమర్శించండి, అమ్మను వదిలేయండి. ప్రసారంలో తప్పు కనిపిస్తే ఛానెల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 2021 నిబంధనల ప్రకారం 15 రోజుల్లో జవాబు చెప్పే బాధ్యత వాళ్లది. చెప్పకపోతే పై సంస్థకు వెళ్లండి. వచ్చే సీజన్ మొదలయ్యేలోగా ఈ నాలుగు డిమాండ్లు ఒప్పుకోకపోతే, మొదటి వారం ఒక్క ఓటు కూడా వేయకండి. మన ఓటు లేకపోతే వాళ్లకు ఆట లేదు.