కప్పు జీడిపప్పు అంటే ఎన్ని గ్రాములు?

కాజూ కత్లీ చేద్దామని వంటల పుస్తకం తెరిస్తే ‘జీడిపప్పు పొడి 2 కప్పులు, పంచదార 1 కప్పు’ అని ఉంటుంది. కిరాణా కొట్టుకెళితే మాత్రం ‘పావుకిలోనా, అరకిలోనా?’ అని అడుగుతారు. ఈ రెంటికీ లంకె తెలియకపోతే అంత ఖరీదు పెట్టి కొన్న పప్పు చాలకన్నా పోతుంది, డబ్బాలో మిగిలి పురుగన్నా పడుతుంది.

ముందు కప్పు సంగతి చూద్దాం. బజారులో దొరికే కొలత కప్పుల్లో పెద్దది సాధారణంగా 240 మిల్లీలీటర్లు. అమెరికా వంటకాల్లో కప్పన్నా దాదాపు అంతే. ఎలక్ట్రిక్ కుక్కరుతో పాటు ఇచ్చే బియ్యం కప్పు మాత్రం 180 మిల్లీలీటర్లే. చాలామంది తెలియక దాన్నే వాడేస్తుంటారు. ఇక కాఫీ కప్పులంటారా, ఏ ఇంటివి ఆ ఇంటివే!

240 మిల్లీలీటర్ల కప్పును అంచుకు సమానంగా నింపితే జీడిపప్పు సుమారు 135 గ్రాములు తూగుతుంది. బాదం 140, వేరుశనగ గుళ్లు 145, పిస్తాపప్పు 120 పైచిలుకు. అదే కప్పు పంచదారైతే 200 గ్రాములు. పప్పుల మధ్య సందులెక్కువ మరి, కప్పులో సగానికి దగ్గరగా గాలే ఉంటుంది. అందుకే రూపు మారితే తూకమూ మారుతుంది. బాదంను పల్చటి పలుకులుగా తరిగితే కప్పుకు 90 గ్రాములే పడుతుంది, పొడి చేస్తే 95. అక్రోటుది తిరకాసు యవ్వారం. వంకర టింకర బద్దలు 100 గ్రాములే పడితే, ముక్కలు చేశాక 115 దాకా పడతాయి.

కాబట్టి ‘బాదం తరుగు ఒక కప్పు’ వేరు, ‘ఒక కప్పు బాదం తరిగి’ వేరు. వంటకం రాసేవాళ్లు ఈ తేడా పట్టించుకోరు, నష్టపోయేది చేసేవాళ్లు. మన కత్లీనే తీసుకోండి. జీడిపప్పు పొడి కప్పుకు నూరు గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. రెండు కప్పుల పొడికి కప్పు పంచదార అంటే తూకంలో ఇంచుమించు సరిసమానం. అలాకాక రెండు కప్పుల పప్పు కొలిచి పొడి చేశారనుకోండి, 200 గ్రాముల పంచదారకు 270 గ్రాముల పప్పు పడినట్టు. తీపి తగ్గుతుంది, ముద్ద త్వరగా గట్టిపడుతుంది. నన్నడిగితే రెండో పాళ్లే రుచి. కాకపోతే పాకం పొయ్యి మీద ఉండగా కాదు, ముందే తేల్చుకోవాలి.

మన పెద్దవాళ్లు సోలా తవ్వలతోనే అరిసెలూ సున్నుండలూ చేయలేదా అంటారేమో. నిజమే. బియ్యానికీ బెల్లానికీ అదే సోల, అదే చెయ్యి. పాళ్లు ఎక్కడికీ పోవు. ఎవరి కప్పుతోనో రాసింది మన కప్పుతో కొలిచినప్పుడే చిక్కు.

ఇంట్లో త్రాసు లేకపోతే లెక్కపెట్టుకోవచ్చు. జీడిపప్పులో డబ్ల్యూ-320 అనే రకం ఉంటుంది. పౌనుకు, అంటే 454 గ్రాములకు, 300 నుంచి 320 పప్పులు తూగుతాయని దానర్థం. ఆ లెక్కన 70 పప్పులు సుమారు 100 గ్రాములు. బాదం అయితే 80. ఓపిక లేనివాళ్లు ఈసారి 100 గ్రాముల ప్యాకెట్టు తెచ్చినప్పుడు రోజూ వాడే గ్లాసులో పోసి, ఎక్కడిదాకా వచ్చిందో గుర్తు పెట్టుకుంటే చాలు.

నానబెట్టి రుబ్బే వంటకమైతే, నీళ్లలో వేయకముందే కొలవండి. నానిన బాదం ఉబ్బుతుంది, బరువూ పెరుగుతుంది.