ఏది వదులుకుంటారు?

మంచి వైద్యం కావాలా, దగ్గర్లో కావాలా, చవగ్గా కావాలా అని అడిగితే ఎవరైనా మూడూ కావాలంటారు. అందుకే పరిశోధకులు బేరం పెడతారు. పక్క వీధి ఆసుపత్రిలో రెండు గంటలు కూర్చోవాలి. గంట దూరంలో ఉన్నదానికి వెళ్తే డాక్టరు వెంటనే చూస్తారు. ఏది? ఇలాంటి జంటలు వరుసగా చూపిస్తే దేనికోసం దేన్ని వదులుకుంటారో తేలుతుంది. ఇలాంటి ఎంపికల విశ్లేషణకు పునాది వేసిన డేనియల్ మెక్‌ఫాడెన్‌కు 2000లో ఆర్థికశాస్త్ర నోబెల్ దక్కింది.

ఇంకో పద్ధతి కాలంతో బేరమాడుతుంది. ఈ జబ్బుతో పదేళ్లా, నిండు ఆరోగ్యంతో ఎనిమిదేళ్లా? రెండూ సమానమే అన్నారంటే ఆ జబ్బు స్థితి విలువ పదింట ఎనిమిది, అంటే 0.8.

అయితే ఈ ప్రశ్న జబ్బు చేయనివాళ్లను అడిగితే, వాళ్ల ఊహతో వచ్చిన అంకె రోగికి ఎంతవరకు వర్తిస్తుంది? ఈ సంచిక వ్యాసాలు పట్టుకున్న చిక్కుముడి ఇదే.

— సంపాదకుడు