బ్రాంచి మార్చుకోవడమా, కలుపుకోవడమా?

ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు మొదలయ్యాయంటే ఏలూరు, తాడేపల్లిగూడెం ఇళ్లలో ఒకటే మాట: సీఎస్‌ఈ వస్తుందా, రాదా? రాకపోతే ఏఐ-ఎంఎల్, అదీ కాకపోతే డేటా సైన్స్, ఆ తర్వాత ఐటీ. సివిల్, మెకానికల్ ఆ జాబితాలో అట్టడుగున ఉంటాయి. ర్యాంకు కలిసిరాక అక్కడ చేరిన పిల్లవాడు మొదటి రోజు నుంచే బయటపడే దారి వెతుకుతాడు. ఆ ఆరాటాన్ని తప్పుపట్టలేం. కంప్యూటర్ విద్య రానివాడికి ఉద్యోగం కష్టమని ఇంట్లోనూ బయటా వింటూ పెరిగిన తరం ఇది. కానీ ఆ విద్య దొరికేది సీఎస్‌ఈ సీటులోనే అన్న నమ్మకం పిల్లలకు చేటు చేస్తోంది. కాలేజీలు కూడా ఆ నమ్మకాన్ని పెంచి పోషిస్తున్నాయి.

బ్రాంచి మార్పు ఎంతమందికి అందుతుందో లెక్క చూద్దాం. తాడేపల్లిగూడెంలో 2015లో మొదలైన నిట్‌లో బయోటెక్నాలజీ, కెమికల్, సివిల్, సీఎస్‌ఈ, ఈఈఈ, ఈసీఈ, మెకానికల్, మెటలర్జీ బ్రాంచీలున్నాయి. నిట్‌లలో బ్రాంచి మారాలంటే సాధారణంగా మొదటి ఏడాది మార్కుల్లో ముందుండాలి, కోరుకున్న చోట ఖాళీ ఉండాలి. అందరూ ఎగబడే సీఎస్‌ఈలో ఖాళీలెన్ని ఉంటాయి? వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమంది దాటుతారు. మిగిలినవారు తమ బ్రాంచిని శిక్షలా మోస్తారు. దాటినవారు ఆ తరగతిలో మెరికలు కాబట్టి, మెటలర్జీ వంటి శాఖ ఏటా తన మంచి విద్యార్థులను పోగొట్టుకుంటుంది.

సీట్లు పెంచితే సరిపోతుందనుకున్నారు. ఒక బ్రాంచిలో ఇన్ని సీట్లకు మించకూడదన్న పరిమితిని ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేసింది. సీట్లు కాగితం మీద పెరుగుతాయి. ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠాన్ని అర్థమయ్యేలా చెప్పగల అధ్యాపకులు అంత తేలిగ్గా పెరగరు.

సీఎస్‌ఈ రాక డేటా సైన్స్‌లో చేరి, అందులోంచి సీఎస్‌ఈలోకి మారాలని తంటాలు పడేవారికి ఒక్క మాట. ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్, డీబీఎంఎస్, నెట్‌వర్క్స్ వంటి పునాది రెండింటికీ చాలావరకు ఒకటే. తేడా వచ్చేది ఎక్కువగా చివరి రెండేళ్ల సబ్జెక్టుల్లో. దానికోసం ఏడాది మనశ్శాంతి పోగొట్టుకోవడం దండగ.

ఈ రంగంలో మనం గర్వంగా చెప్పుకునే పేర్లు చూడండి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్‌ రెడ్డి గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివింది సివిల్ ఇంజినీరింగ్. 1966లో స్టాన్‌ఫర్డ్‌లో కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేట్, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. సత్య నాదెళ్ల మణిపాల్‌లో ఎలక్ట్రికల్, శంతను నారాయణ్ ఉస్మానియాలో ఎలక్ట్రానిక్స్ చదివారు. ముగ్గురూ కంప్యూటర్ సైన్స్‌కు వచ్చింది ఆ తర్వాతే. వారు అమెరికా వెళ్లగలిగారు, అందరికీ అది కుదురుతుందా అంటే కుదరదు, నిజమే. అయితే ఆ రెండో చదువు ఇప్పుడు ఇక్కడే దొరుకుతోంది. 160 క్రెడిట్ల బీటెక్‌కు అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు చదివితే మరో బ్రాంచిలో మైనర్ (అనుబంధ అర్హత) ఇవ్వవచ్చని ఏఐసీటీఈ చెప్పింది. ఐఐటీ మద్రాసు 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ కోర్సుకు జేఈఈ ర్యాంకు అక్కర్లేదు. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ 2022లో అనుమతించింది. గేట్‌లో 2024 నుంచి డేటా సైన్స్-ఏఐ పేపరు వచ్చింది.

రెండు విద్యలు ఒక మనిషిలో కలిస్తే ఏమవుతుందో తెలియాలంటే కొల్లేటి చుట్టూ ఉన్న చేపల చెరువుల గట్టు ఎక్కితే చాలు. పగలు ఎండకు నీటిలోని నాచు ఆక్సిజన్ విడుస్తుంది. రాత్రయితే చేపలతో పాటు ఆ నాచూ ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. వరసగా మబ్బు పట్టిన రోజుల్లో మరీ ప్రమాదం. ఆక్సిజన్ మరీ తగ్గితే బొచ్చె, శీలావతి నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. రైతు వెంటనే ఏరేటర్లు వేయాలి, లేదా కొత్త నీరు పెట్టాలి. నీటిలో సెన్సర్ పెట్టి ఫోన్‌కు హెచ్చరిక పంపే ప్రోగ్రామ్ రాయడం సీఎస్‌ఈ విద్యార్థికి పెద్ద పని కాదు. కొన్నాళ్లకు ఆ సెన్సర్ మీద నాచు, జిగురు పేరుకుని తప్పు అంకె చూపిస్తుంది. అంకె తప్పా, నీరే చెడిందా? అది తేల్చాలంటే నీటి జీవశాస్త్రం తెలిసినవారు కావాలి. కరెంటు పోయినా ఏరేటర్ ఆగకూడదంటే ఎలక్ట్రికల్ తెలియాలి. బుడమేరు, తమ్మిలేరు కొల్లేటికి ఎంత నీరు తెస్తాయి, ఉప్పుటేరు ఎంత లాగగలదు అన్నది సివిల్ వారి లెక్క. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ఆ లెక్క విలువ అందరికీ తెలిసింది. కోడు రాసే పనిలో కొంత ఏఐకి వెళ్లిపోతున్న ఈ రోజుల్లో, ఏ కోడు ఎందుకు రాయాలో చెప్పగలవాడికే గిరాకీ. వాడికి ఒక రంగం లోతుగా తెలిసి ఉండాలి.

డిగ్రీ విద్యార్థుల సంగతీ మరవకూడదు. 2023-24లో మూడు సబ్జెక్టుల పద్ధతి స్థానంలో ఒక మేజర్, ఒక మైనర్ వచ్చాయి. అంతకుముందు మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్ సమానంగా చదివేవారు. ఆ మార్పుతో ఒకటే ప్రధానమైంది. ఫిజిక్స్ మేజర్ పక్కన కంప్యూటర్స్ మైనర్‌ను మొక్కుబడిగా నడిపితే ఏలూరు సర్ సీఆర్ రెడ్డి కళాశాల వంటి పాత విద్యాసంస్థల్లో చేరే పల్లె పిల్లలే ఎక్కువ నష్టపోతారు.

చేయాల్సినవి మూడు. మైనర్ కావాలంటే ఎక్కువ మార్కులుండాలి, బ్యాక్‌లాగ్ ఉండకూడదు అన్న షరతులు చాలాచోట్ల ఉన్నాయి. మొదటి ఏడాది తడబడిన తెలుగు మీడియం విద్యార్థిని అవి ఆదిలోనే బయట నిలబెడతాయి. వాటిని సడలించాలి. మైనర్ తరగతులు టైంటేబుల్‌లో ఉండాలి, వాటికి అధ్యాపకులుండాలి, అదనపు ఫీజు భారం పేద విద్యార్థి మీద పడకూడదు. ఇక నిజంగా మనసంతా కంప్యూటర్ సైన్స్ మీదే ఉన్నవారికి బ్రాంచి మార్పు ఉండాల్సిందే. దానికి మార్కులతో పాటు ఆ విద్యార్థి సొంతంగా చేసి చూపిన పనినీ చూడాలి.

ఈ ఏడాది సివిల్‌లోనో బయోటెక్నాలజీలోనో చేరిన పిల్లల తల్లిదండ్రులు ‘సీటు పోయింది’ అనడం మానేయాలి. ఆ బ్రాంచిని గట్టిగా చదివించి, రెండో ఏడాది నుంచి కంప్యూటర్ మైనర్ ఇమ్మని కాలేజీని నిలదీసి అడగాలి. అలా అడిగే హక్కు విద్యార్థికి ఉంది. ఇవ్వాల్సిన బాధ్యత కాలేజీది.